ప్లగ్గు బాబాయి

అశ్వారావుపేటలో బండి ఆగితే మెకానిక్కు కంటే ముందు ప్లగ్గు బాబాయి వస్తాడు. పిలవక్కర్లేదు. జంగారెడ్డిగూడెం రోడ్డులో టీ కొట్టు బల్ల మీద కూచుంటాడా, నూరు గజాల అవతల నాలుగో కిక్కు వినబడగానే గ్లాసు కింద పెట్టేస్తాడు. మూడు కిక్కుల దాకా ఆయన లెక్కలో అది బండి బద్ధకం. నాలుగోది రోగం. చేతిసంచిలో ప్లగ్గు పానా, ఉప్పు కాగితం ముక్క, అరిగిన టూత్‌బ్రష్షు ఎప్పుడూ ఉంటాయి. కళ్ళజోడు మరిచిపోతాడేమో గానీ అవి మరవడు.

"నేను మెకానిక్కును కానురా" అని ఆయనే అంటాడు, అదేదో తక్కువ పనైనట్టు. ప్లగ్గు విప్పి, ఎండకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూస్తాడు. మా నాయనమ్మ వంకాయలో పుచ్చు వెతికేది ఇలాగే. చిక్కటి కాఫీ రంగుంటే బండిగలవాడు బుద్ధిమంతుడు. కాటుక పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువై ఇంజను కాగిపోతోంది. ఆయిలు జిడ్డు కనబడితే మాత్రం నోరు చప్పరించి, "రింగులు పోయినట్టున్నయిరా" అంటాడు, చావు కబురంత మెల్లగా. ఇవన్నీ నిజాలే కావడం మా కర్మ. అబద్ధాలైతే ఏదో పనుందని తప్పించుకుపోయేవాళ్ళం.

అసలు ఆయన మొదట అడిగేది రోగం గురించి కాదు. "ఏ కంపెనీది?" సంబంధానికొచ్చినవాళ్ళు గోత్రం అడిగినట్టు అడుగుతాడు. మైకో అంటే కళ్ళకద్దుకుంటాడు. 1951లో పుట్టిన మైకో 2008లో బాష్‌గా పేరు మార్చుకుందని కుర్రాళ్ళు ఫోన్లో చూపించినా వినడు. "పెళ్ళయినంక ఇంటిపేరు మారింది. పిల్ల మారిందా?"

ఇంటిపేరు మాట వస్తే ఆల్బర్ట్ ఛాంపియన్ కథ తప్పదు. ఫ్రాన్సు సైకిలు పందేలాయన. అమెరికా వెళ్ళి తన పేరున ప్లగ్గుల కంపెనీ పెట్టాడు. భాగస్వాములతో చెడింది. కంపెనీ వాళ్ళకే పోయింది, ఇంటిపేరూ వాళ్ళకే పోయింది. 1908లో ఫ్లింటులో ఇంకోటి పెట్టి, చివరికి దానికి తన పొడి అక్షరాలు ఏసీ అని పెట్టుకున్నాడు. "సొంత ఇంటిపేరు వాడుకునే రాత లేకపాయె!" అని బాబాయి వాపోతుంటే, ఆ పంచాయితీలో తనూ ఒక పెద్దమనిషేమో అనిపిస్తుంది.

ఇక వేడీ చలవా. మనకు మామిడిపండు వేడి, మజ్జిగ చలవ అయినట్టే ప్లగ్గులకూ ఉంది. వేడి ప్లగ్గు ముక్కు దగ్గరే వేడి నిలుపుకుని మసిని కాల్చేసుకుంటుంది. చలవ ప్లగ్గు ఆ వేడిని చప్పున ఇంజనుకు దించేస్తుంది. తిరకాసంతా అంకెల్లో ఉంది: జపాను ఎన్‌జీకేలో అంకె పెరిగితే చలవ, బాష్‌లో అంకె పెరిగితే వేడి. ఈ రహస్యం ఊళ్ళో తనకొక్కడికే తెలుసని ఆయన నమ్మకం. పామాయిల్ తోటలో గడ్డి కోసే మిషను మొరాయించిందని ఓ రైతు వస్తే ఇదంతా చెప్పాడు. పైగా టూస్ట్రోకు ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 100 మెరుపులని నేల మీద పుల్లతో లెక్క కట్టి చూపించాడు. అవతల తోటలో గడ్డి దాని పని అది చేసుకుపోతూనే ఉంది.

డీజిలు బండ్లను మాత్రం పలకరించడు. మెరుపన్నది లేకుండా గాలిని నొక్కి నొక్కి మంట పుట్టించడం ఆయన దృష్టిలో మర్యాదస్థుల పని కాదు. గెలల లోడుతో ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టరు ఎదురుగానే ఆగిపోయినా టీ చల్లారనివ్వడు.

మొన్న ఓ కుర్రాడి కరెంటు స్కూటరు కొట్టు ముందే ఆగింది. కిక్కూ లేదు, చప్పుడూ లేదు. అందుకే బాబాయికి ఆలస్యంగా తెలిసింది. పానా తీసుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముందు వంగి చూశాడు, వెనక వంగి చూశాడు.

"ప్లగ్గేదిరా?"

"ఇంట్లో గోడకుంది బాబాయ్. రాత్రి పెట్టడం మర్చిపోయా."

బాబాయి పానా సంచిలో వేసుకున్నాడు. బల్ల దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"ఏ కంపెనీది?"