మొక్కు ఉందా నాయనా?

జులపాలతో వచ్చే అబ్బాయిలకు హాల్‌టికెట్ ఇవ్వబోమని ఓ ఇంజినీరింగ్ కాలేజీ వారు నోటీసు అంటించారు. చాలా సంతోషం. ఇక విద్యా ప్రమాణాలకు ఢోకా లేదు. లెక్కల సారు పోస్టు ఖాళీగా ఉంటేనేం, పిల్లల మెడ మీద కత్తెర ఆడితే ర్యాంకులు వాటంతటవే వస్తాయి.

నేరం ఏమిటయ్యా అంటే 'ట్రెండ్ ఫాలో అవుతున్నారు' అట. ఈ నోటీసును మెచ్చుకుంటున్న పెద్దలెవరు? శోభన్‌బాబును చూసి నుదుటి మీద రింగు తిప్పుకున్నవారు. చెవులు కప్పేలా జుట్టు పెంచి, వీధులు ఊడ్చే బెల్‌బాటమ్‌లు తొడిగినవారు. వీళ్ల తాతలు పిలక తీసేసి క్రాపు పెట్టుకున్నప్పుడు ఇంట్లో శోకాలు పెట్టారు. అప్పుడు పొట్టి జుట్టే భ్రష్టత్వం.

ఈ నేరానికి ఒక్క మినహాయింపుంది. మొక్కు. మా బంధువుల కుర్రాడొకడు జుట్టు భుజాల దాకా పెంచాడు. ఓ పెళ్లిలో పెద్దాయన వాణ్ణి పట్టుకుని "ఏరా, పుష్పరాజ్ అనుకుంటున్నావా? మీ నాన్న ఏమీ అనడా?" అని మొదలెట్టాడు. వాళ్లమ్మ ఠక్కున "తిరుపతి మొక్కు బాబాయ్" అంది. అంతే, ఆయన గొంతులో వెన్న కరిగింది. "అలాగా! మంచిది నాయనా. దర్శనం టికెట్లు దొరికాయా?" అదే జుట్టు, అదే రబ్బరు బ్యాండు.

వాడికి ఏ మొక్కూ లేదు. ఆ సంగతి వాడి స్నేహితులకు తెలిసింది. ఇప్పుడా బ్యాచ్‌లో సగం మంది పరమ భక్తులు. ఎప్పుడు తీస్తావని అడిగితే ఉద్యోగం వచ్చాక అంటారు. క్యాంపస్ ఇంటర్వ్యూల తీరు చూస్తే ఆ జుట్టు మోకాళ్ల దాకా వచ్చేలా ఉంది.

తీరా కొండ మీద కల్యాణకట్టలో తీశాక టీటీడీ ఆ జుట్టును పొడవును బట్టి రకాలు చేసి, ఈ-వేలంలో కోట్లకు అమ్ముతుంది. బాగా పొడుగ్గా ఉంటే మొదటి రకం. తల మీదున్నన్నాళ్లూ మాత్రం వెధవ రకం!

భుజాల మీద జుట్టు పరుచుకున్న స్వామీజీల ముందు ఇదే పెద్దలు చేతులు కట్టుకుంటారు, అది వేరే సంగతి.

నవ్వులాట చాలు. 2024లో ఖమ్మంలో కటింగ్ బాగోలేదని ఓ మొదటి ఏడాది వైద్య విద్యార్థికి గుండు కొట్టించారు. కొట్టించింది పాఠం చెప్పాల్సిన అధ్యాపకుడు. ఒకప్పుడు మన ఊళ్లలో గుండు గీయించడం దొంగలకు వేసే శిక్ష. ఈ పిల్లవాడు ఏం దొంగిలించాడు? పద్దెనిమిదేళ్లకు ఓటిచ్చాం, శవాన్ని కోసి చదవమన్నాం. తన తల తాను దువ్వుకునే హక్కు మాత్రం సారు దగ్గర తాకట్టా? దీన్ని క్రమశిక్షణ అనకండి. బలం ఉన్నవాడి జులుం, అంతే.

అవును, ట్రెండే. ఇరవై ఏళ్లవాడు ట్రెండ్ వెంట పడక ఏం చేస్తాడు? అరవై ఏళ్లవారే నెత్తికి నల్లరంగు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ, పొద్దున్నే కొర్రల ఉప్మా అంటూ పరుగులు తీస్తున్నారు.

ఇక కాలేజీ వర్క్‌షాపులో లేత్ మెషిన్‌కు జుట్టు చిక్కుకుంటుందని ఒక లెక్చరర్ గారి వాదన. నిజమే. అమ్మాయిలకు ముడేసుకోమని చెబుతున్నారుగా, వీళ్లకూ అదే చెప్పండి. ఆ లేత్ మెషిన్ ఆఖరిసారి ఎప్పుడు తిరిగిందో కూడా చెప్పండి.