అరవై నిండేదాకా ఆగకండి

కనిగిరి బస్టాండు దగ్గర టీ తాగుతున్న యాభై అయిదేళ్ల మనిషిని ఎవర్నయినా అడగండి, ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 4,000 అని ఠక్కున చెప్తాడు. 2014 దాకా అది 200 అని, 2024 జూలై ఒకటిన బకాయిలతో కలిపి 7,000 ఇంటికొచ్చి ఇచ్చారని కూడా చెప్తాడు. దానికి ముందునుంచి ఏం ఏర్పాట్లు చేసుకోవాలో మాత్రం అతనికి తెలీదు. దుక్కి దున్నకుండా కంది పండదు కదా. అందుకే ఈ చిట్కాలు.

మొదటిది వయసు. అరవై నిండాలంటారు. నిండేదాకా కూర్చోవడం చేతకానివాళ్ల పని. పుట్టిన తేదీ తెలియని వాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటి రాసేశారు, కాబట్టి కొత్త సంవత్సరం నాడు మన ఊళ్లలో సగం మందికి పుట్టినరోజే. ఆ తేదీని మార్చుకోవడానికి ఆధార్ వాళ్లు ఒక్కసారే అవకాశం ఇస్తారు. దాన్ని బడి సర్టిఫికెట్టు వెతికి సరిచేసుకోవడానికి వృథా చేసుకోకండి. ఒకేసారి పదేళ్లు పెంచేయండి. ఇప్పుడు మీకు 61, మీ అన్నకు 58. ఆయన్ని ఇవాళ్టినుంచి "తమ్ముడూ" అని పిలవడం అలవాటు చేసుకోవాలి. మొదట్లో ఆయనకు కోపం వస్తుంది, నాలుగు వేలంటే సర్దుకుంటాడు.

సాక్ష్యం అడిగితే చరిత్ర చెప్పండి. సచివాలయంలో ఇలా సాగాలి:

"కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండగా పుట్టినోణ్ని అమ్మాయ్."

"జిల్లా మారింది 1970లో కదా పెద్దాయనా. దాన్నిబట్టి యాభై అయిదు దాటినట్టే తేలుద్ది."

"ఆ జిల్లా మారిన నాడు నేను గొడ్లు తోలుకపోతన్నా."

అయిదేళ్లకే గొడ్లు కాసిన పిల్లలు ఈ ప్రాంతంలో కొల్లలు. అయినా ఆ అమ్మాయి "ఆధార్‌లో ఏముంటే అదే పెద్దాయనా" అంటుంది. చదువుకున్న పిల్లలకు చరిత్ర పట్టదు.

ఇక ఆస్తిపాస్తులు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. పదకొండో ఎకరం బామ్మర్ది పేర రాసేయండి. తిరిగి వస్తుందా రాదా అన్నది పింఛను నిబంధనల్లో లేదు గనుక దాని గురించి మనమూ మాట్లాడుకోవద్దు. ఇంటి కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. అది దాటేంత ఇల్లయితే పక్కింటి మీటరు నుంచి తీగ లాగండి, వాళ్ల పింఛను పోతుంది, మీది ఉంటుంది. ఇంట్లో సొంతానికి నాలుగు చక్రాల బండి ఉండకూడదు గానీ టాక్సీ అయినా, ఆటో అయినా, ట్రాక్టరు అయినా పర్వాలేదు. బెంగళూరులో అబ్బాయి కారు కొంటానంటే పసుపు ప్లేటే వేయించమనండి. కోడలు సీమంతానికి ట్రాక్టరులో వెళ్తానని అలిగితే ఎక్కించుకుపోండి, గాలి బాగా తగుల్తుంది.

ఒక రేషన్ కార్డుకు మామూలుగా ఒక్క వృద్ధాప్య పింఛనే. ఆలుమగలిద్దరికీ అరవై నిండిన ఇంట్లో ఇది పెద్ద చిక్కు. పింఛను తీసుకుంటున్న భర్త పోతే భార్యకు వెంటనే ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది. అంటే ఆవిడ కోసం ఆయన చేయగలిగింది ఒకటుంది. దాని గురించి ఇంట్లో ముందుగా చర్చించకపోవడమే మంచిది.

అసలు పెద్ద పొరపాట్లకు చోటున్నది మాత్రం పీఎఫ్‌లో. హైదరాబాదు వెళ్లి కంపెనీల్లో సెక్యూరిటీగా, హెల్పర్లుగా చేసేవాళ్లు శ్రద్ధగా చదవండి. 15,000 జీతం దాకా అందులో 8.33 శాతం, అంటే గరిష్ఠంగా నెలకు 1,250, యజమాని వాటాలోంచి పింఛను ఖాతాకు పోతుంది. పదేళ్ల సర్వీసు ఉంటే 58 నుంచి చనిపోయేదాకా పింఛను. ఈ ఉచ్చులో పడకూడదంటే కంపెనీ మారినప్పుడల్లా ఫారం 10సి పెట్టి డబ్బు లాగేసి సెల్‌ఫోను కొనుక్కోండి. తొమ్మిదేళ్ల ఆర్నెల్లు పూర్తయితే పదేళ్లుగానే లెక్కేస్తారు, కాబట్టి తొమ్మిదేళ్ల అయిదో నెలలో మానేయడం క్షేమం.

పొరపాటున పదేళ్లు దాటిపోయిందా? దిగులు పడకండి, ఇంకా మార్గముంది. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. సరిగ్గా ఆ చివరి అయిదేళ్లలోనే "సార్, బేసిక్ 8,000 చూపించండి, చేతికి ఎక్కువొస్తుంది" అని ఓనరును అడగండి. మీ పీఎఫ్ కోత నెలకు 840 తగ్గుతుంది, ఆయన వాటా కూడా తగ్గుతుంది గనుక టీ కూడా ఇప్పిస్తాడు. పదేళ్ల సర్వీసుకు 2,142 రావాల్సిన పింఛను 1,142కు దిగుతుంది. అదీ బతికినన్నాళ్లూ. యాభైకే మొదలెడితే 58కి ఎన్నేళ్లు తక్కువుంటే ఏడాదికి నాలుగు శాతం చొప్పున ఇంకా కోస్తారు. 58 తర్వాత అరవై దాకా ఆగితే అదే నాలుగు శాతం చొప్పున పెంచుతారట, ఆ మాట చెవిన పెట్టకండి. ఇరవై ఏళ్ల సర్వీసు నిండితే రెండేళ్లు అదనంగా కలుపుతారన్నదీ అంతే.

అటల్ పెన్షన్ యోజన సంగతి నలభై ఒకటో ఏట ఆలోచించండి. చేరాల్సింది 18 నుంచి 40 లోపు. పద్దెనిమిదికి చేరితే నెలకు 210 కట్టి అరవై నుంచి 5,000 తీసుకోవచ్చు. నలభైకి చేరితే 1,454 కట్టాలి.

ఒక్క అర్హతకు మాత్రం కనిగిరి వాళ్లకు నా సలహా అవసరం లేదు. వికలాంగుల పింఛను 6,000. నలభై శాతం వైకల్యం కావాలి. ఫ్లోరైడు బోరు నీళ్లు చిన్నప్పటినుంచీ ఆ పని మీదే ఉన్నాయి: పళ్లకు గార, మోకాళ్లు వంకర, వంగితే లేవని నడుము. 2025లో వైకల్యం శాతాలకు మళ్లీ పరీక్షలు పెట్టారు. వంకర కాళ్లతో ఆసుపత్రి దాకా నడిచి వెళ్తే "నడుస్తున్నారుగా" అంటారు. కాబట్టి నడవకండి. ఈ ఒక్క సలహా వెటకారం కాదు, ఎవర్నయినా తోడు తీసుకుని ఆటోలో వెళ్లండి, పాత సర్టిఫికెట్టు, ఎక్స్‌రేలు అన్నీ పట్టుకెళ్లండి.

మిగతావి పాటించి అర్జీ పెట్టేటప్పుడు, ఎవరు చెప్పారని అడిగితే నా పేరు మాత్రం చెప్పకండి.