ఫుల్ సైజు ఫోటో పంపగలరు

ఇల్లు లేని కుక్కకు ఇల్లు వెతకడమూ, పెళ్ళీడుకొచ్చిన పిల్లకు సంబంధం వెతకడమూ ఒకటే పని. రెండు చోట్లా ముందు అడిగేది ఫోటో. "ఫుల్ సైజుది ఒకటి, మొహం దగ్గర్నుంచి తీసింది ఒకటి పంపగలరు." తర్వాత వచ్చే ప్రశ్నల్లోనూ పెద్ద తేడా ఉండదు. రంగేమిటి? ఎత్తెంత? చెప్పిన వయసు నిజం వయసేనా? నెమ్మదస్తురాలేనా, గొంతు పెద్దదా? ఇంట్లో పెద్దవాళ్ళతో సర్దుకుపోతుందా? కట్నం మాట రాదనుకుంటున్నారేమో, అదీ వస్తుంది. "ఊరికే ఇస్తారా అండీ? గొలుసూ గిన్నే కూడా మీవేనా?" అన్నవాళ్ళున్నారు.

ఆ ఫోటోలు తీసేది నేను. వారమంతా బ్యాంకులో కూర్చుంటాను. ఆదివారం పొద్దున్నే కెమెరా సంచి తగిలించుకుని హైదరాబాద్ శివార్లలో ఒక షెల్టర్‌కు పోతాను. "ఫోటోలు తీస్తారటగా, పెళ్ళిళ్ళకా?" అని ఎవరైనా అడిగితే "పెళ్ళిచూపుల వరకే" అని చెబుతుంటాను. మా అమ్మకు మాత్రం ఈ వ్యవహారం మింగుడుపడలేదు. "చెల్లెలి సీమంతానికి నాలుగు ఫోటోలు తీయరా అంటే నడుంనొప్పి అన్నావు. కుక్క ముందు మాత్రం బోర్లా పడుకుంటావా?" అంటుంది.

పడుకోక తప్పదు. నిలబడి, పైనుంచి కిందికి తీస్తే కుక్క తలకాయ పెద్దదైపోతుంది, కాళ్ళు పొట్టివైపోతాయి, ఏదో తప్పు చేసి మన్నించమన్నట్టు కళ్ళు పైకెత్తి చూస్తుంటుంది. ఆ ఫోటో చూసినవాళ్ళు "అయ్యో" అంటారు. అయ్యో అన్నవాళ్ళు వంద రూపాయలు పంపుతారు గానీ కుక్కను ఇంటికి తీసుకుపోరు. దాని కంటి ఎత్తుకు దిగి తీస్తే, అవతలివాడికి తనతో సమానంగా నిలబడి చూస్తున్న ప్రాణి కనిపిస్తుంది. అప్పుడు గానీ "మనింట్లో ఎక్కడ పడుకుంటుంది?" అన్న ఆలోచన రాదు.

నేను వెళ్ళకముందు షెల్టర్ పెట్టిన ఫోటోలు చూశాను. అన్నీ బోను ఊచల వెనకనుంచి, సాయంత్రం పనయ్యాక, ఫ్లాష్ వేసి తీసినవి. కుక్క కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటుంటుంది. చీకట్లో దొరికిన కాస్త వెలుతురునూ వెనక్కి కొట్టి రెండోసారి వాడుకోవడానికి చేసిన ఏర్పాటు అది. దాని మీద ఫ్లాష్ పడితే, ఎంత సాధువైనా సరే, రెండు పచ్చటి దీపాలు వెలుగుతాయి. అలాంటి ఫోటో కింద "పిల్లలంటే ప్రాణం" అని రాస్తే, చదివినవాడు ముందు తన పిల్లల్ని ఇంట్లోకి పిలుచుకుంటాడు.

షెల్టర్లో ఉండేదెవరో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో ఈ పనికి పేరున్న బ్లూక్రాస్‌ను అక్కినేని అమల 1992లో మొదలుపెట్టారు. ఆ తర్వాత చిన్నాపెద్దా చాలా వచ్చాయి. నేను వెళ్ళేది పేరు లేని చిన్నవాటిలో ఒకటి. వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లో పెడతారని చాలామంది అనుకుంటారు. కాదు. 2001 నాటి నిబంధనలైనా, వాటి స్థానంలో 2023లో వచ్చినవైనా చెప్పేది ఒకటే. పట్టాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుకు చెవికి గాటు పెట్టాలి, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. కాబట్టి షెల్టర్లో మిగిలేవి తిరిగి వెళ్ళడానికి వీధి కూడా లేనివి. బండి కింద పడి కాలు పోయినవి, తల్లి లేని పిల్లలు, ఓనర్లు అమెరికా పోతూ గేటుకు కట్టేసిపోయిన ఖరీదైన జాతులు. చివరి రకానికి నా ఫోటో అవసరమే లేదు. "గోల్డెన్ రిట్రీవర్" అన్న ఒక్క మాటకే ఫోన్ మోగుతూనే ఉంటుంది. నా బేరమంతా మొదటి రెండు రకాలతోనే.

ఇక ఫోటో తీయడం. మనుషులైతే "ఇటు చూడండి" అంటే చూస్తారు. కుక్కల లోకంలో కన్నార్పకుండా చూడటమంటే తగవుకు పిలవడమే. కెమెరా లెన్సు వాటికి రెప్పలేని పెద్ద కన్ను. ధైర్యమున్నది మొరుగుతుంది, లేనిది తల తిప్పేసుకుని పెదాలు నాకుతుంది, ఆవలిస్తుంది. ఆ ఆవలింత చూసి "బోర్ కొట్టినట్టుంది" అని నవ్వుతారు గానీ, అది భయం. అందుకని వెళ్ళగానే ఫోటో తీయను. కెమెరా పక్కన పెట్టి, నేను కూడా ఒక పక్కకు తిరిగి కూర్చుంటాను. వాసన చూసి, సంచీ చూసి, నా చెప్పుల నాణ్యత పరీక్షించి, ఫరవాలేదనుకున్నాక పని మొదలవుతుంది.

అక్కడ కుక్కల్ని చూసుకునే అన్న నా సహాయకుడు. పట్టీ పట్టుకునేది, బిస్కెట్ పొట్లం నలిపేది ఆయనే. "ఏంది సార్, ఇంతసేపా? నా ఆధార్ కార్డు ఫోటో గూడ ఇంతసేపు తియ్యలే" అంటాడు. ఆధార్ ఫోటో చూశాక సంబంధాలు ఎక్కడొస్తాయన్నా, అంటే నవ్వుతాడు. బిస్కెట్ పొట్లం చప్పుడుకు కుక్క చెవులు నిక్కబొడుచుకుంటాయి, తల ఓరగా వంగుతుంది, కళ్ళలో ఆశ వెలుగుతుంది. ఆ క్షణమే కావాలి మనకు. కానీ ఖాళీ పొట్లంతో మోసం చేస్తే రెండోసారికి కనిపెట్టేస్తుంది, మూడోసారికి అన్న వైపు చూసి మొహం తిప్పుకుంటుంది. అప్పుడు అన్న పిల్లిలా "మ్యావ్" అంటాడు. ఆ పిలుపుకు కుక్కలతో పాటు పక్క గదిలోని పిల్లులూ పలుకుతాయి, ఆ పలుకులకు కుక్కలన్నీ లేస్తాయి, ఆ తర్వాత ఓ పావుగంట ఎవరి ఫోటో ఎవరూ తీయలేరు.

ఆడించడానికి ఎవరో దాత ఎర్ర బంతులు తెచ్చిచ్చారు. మంచి మనసే. కానీ కుక్క కంటికి నీలం, పసుపు తెలిసినట్టు ఎరుపు తెలియదు. పచ్చగడ్డిలో పడ్డ ఎర్ర బంతి దానికి గడ్డిలాగే కనిపిస్తుంది. బంతి విసిరితే మా శాల్తీలు దాన్ని వదిలేసి, విసిరిన దాతగారి నీలం చున్నీ వెంట పడ్డాయి.

ఇప్పటి ఫోన్లలో వెనకదంతా మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్ ఉంది కదా, దాంతో తీస్తే సరిపోదా అంటారు. అది ముందుగా మనుషుల మొహాలు చూసి నేర్చిన విద్య. నిక్కబొడిచిన చెవులు మొహంలో భాగమని దానికి ఒక్కోసారి తోచదు, వెనక చెట్టుతో కలిపి మసకచేసేస్తుంది. తోకను కోసేస్తుంది. కాలు లేక వచ్చిన కుక్కకు తోకా చెవులూ కూడా తీసేస్తే ఇక మిగిలేదేముంది?

కాలు అంటే గుర్తొచ్చింది. మా దగ్గర మూడుకాళ్ళ కుక్క ఒకటుండేది, పేరు కట్టప్ప. కూర్చోబెట్టి ఎదురుగా తీస్తే కాలు లేని సంగతి తెలియదు, అలా తీయమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. నాకది నచ్చలేదు. పెళ్ళిచూపుల్లో మెల్లకన్ను దాచడానికి నల్లకళ్ళద్దాలు పెట్టించిన కథలు మనకు తెలియనివా? తీరా ఇంటికెళ్ళాక నిజం బయటపడితే కుక్క వారంలో తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చిన కుక్క రెండోసారి ఎవరితోనూ అంత తేలిగ్గా వెళ్ళదు. అందుకే కట్టప్పను మూడు కాళ్ళూ కనబడేలా, పరిగెత్తుతుండగా తీశాను. ఒక రిటైర్డ్ టీచరుగారు ఫోన్ చేశారు. "నాదీ మోకాలు పనిచేయదు నాయనా, ఇద్దరం నెమ్మదిగా నడుస్తాం" అన్నారు. తీరా చూస్తే కట్టప్ప ఆవిడను ఈడ్చుకుపోతున్నాడట.

అందమైన ఫోటో, పనికొచ్చే ఫోటో వేరువేరు. అమెరికాలో పెంపకానికి పెట్టిన కుక్కల ఫోటోలు కొన్ని వందలు ముందేసుకుని, ఏవి త్వరగా ఇల్లు చేరాయో లెక్కలు తీసి 2015లో ఒక పరిశోధన అచ్చేశారు. తేలిందేమిటంటే, మసక లేకుండా, ఆరుబయట, కుక్క నిలబడి సూటిగా మనవైపు చూస్తున్న ఫోటోలు పనిచేస్తాయని. ఇది మా మేనత్త పాతికేళ్ళ క్రితమే చెప్పింది, కుక్కల గురించి కాదు గానీ.

అన్నిటికంటే కష్టం నల్లకుక్క. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు లోకమంతా బూడిదరంగని గట్టి నమ్మకం. తెల్లగోడ ముందు నల్లకుక్కను నిలబెడితే గోడకు కన్నం పడ్డట్టు వస్తుంది. కళ్ళు ఎక్కడున్నాయో, ముక్కు ఎక్కడుందో తెలియదు. దగ్గరకెళ్ళి తీస్తే నలుపు కాస్తా బూడిద అవుతుంది. పొద్దున ఏడింటి లోపు, వరండా నీడలో, ముదురాకుపచ్చ చెట్ల ముందు నిలబెట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా చూసుకుంటే, కంట్లో చిన్న మెరుపు వస్తుంది. ఆ మెరుపు ఉంటే కుక్క, లేకపోతే నీడ. ఇది నా ఒక్కడి బాధ కాదు. రష్యావాళ్ళు అంతరిక్షానికి పంపడానికి మాస్కో వీధికుక్కల్ని పట్టుకొచ్చినప్పుడు లేతరంగువే ఏరుకున్నారు, లోపలి కెమెరాలో స్పష్టంగా కనబడాలని. 1957 నవంబరులో వెళ్ళిన లైకా అలా ఎంపికైన వీధికుక్కే. పాపం, దానికి తిరుగు టికెట్ లేదు. ఆ లెక్కన నలుపు దాని తోటివాళ్ళ ప్రాణాలు కాపాడిందనుకోవాలి.

మన దగ్గర నలుపు కథ వేరు. నల్లకుక్క కాలభైరవుడి వాహనం. శని బాగోలేదని జ్యోతిష్యుడు చెబితే నెయ్యి రాసిన రొట్టె పట్టుకుని నల్లకుక్క కోసం వీధులన్నీ వెతుకుతారు. షెల్టర్‌కూ వస్తారు, కారుల్లో. మా కాటుక అనే నల్ల కుక్కకు శనివారం వస్తే పండగే. రొట్టె పెట్టి, దండం పెట్టి, సెల్ఫీ దిగి పోతారు. "ఇంటికి తీసుకెళ్ళండి సార్, రోజూ ఇంట్లోనే పెట్టుకోవచ్చు" అని అన్న అంటే, "అమ్మో, నలుపు ఇంట్లోకా!" అని కారెక్కుతారు.

ఇక జాతి ప్రశ్న. "ఏ బ్రీడండీ?" ఇది గోత్రం అడగడం కాక ఇంకేమిటి? దీనికి భయపడే చాలామంది వీధికుక్క ఫోటో కింద "ల్యాబ్ మిక్స్" అని రాస్తారు. ఆ లెక్కన మన ఊళ్ళలో ల్యాబ్రడార్లు వదిలిపెట్టిన సంసారం లేదు. నా మట్టుకు నేను "ఇండియన్" అని రాస్తాను. 2005లో తపాలాశాఖ మన దేశపు కుక్కలకు నాలుగు స్టాంపులు వేసింది. రాజపాళయం, ముధోల్, రాంపూర్, హిమాలయన్. వాటిలో మన వీధిది లేదు. ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్‌తో దానికున్న పాత తగాదాలే కారణం కావచ్చు.

కానీ మన తాతల ఇళ్ళన్నిటిలో బొమ్మ పడ్డ కుక్క ఒకటుంది, గ్రామఫోను ముందు చెవి వొగ్గి కూర్చున్న హెచ్ఎంవీ కుక్క. దాని పేరు నిప్పర్, వచ్చిపోయేవాళ్ళ పిక్కలు కొరికేదని ఆ పేరు పెట్టారు. ఇంగ్లండులో 1884లో పుట్టింది. అది కచ్చితంగా ఏ జాతో ఇప్పటికీ తేలలేదు. అది చచ్చిపోయిన తర్వాత బరాడ్ అనే చిత్రకారుడు దాని బొమ్మ వేశాడు. కంపెనీవాళ్ళు 1899లో కొంటూ, ముందున్న వేరే యంత్రాన్ని తీసేసి తమ గ్రామఫోను పెట్టించారు. యంత్రాన్ని మార్చారు గానీ కుక్కను మార్చలేదు. దేవుడి గదిలో దత్తాత్రేయుడి పటం చూడండి, చుట్టూ నాలుగు కుక్కలుంటాయి. ఏ బ్రీడని పూజారి కూడా అడగడు.

ఫోన్లు రకరకాలు. "ఇదే మోడల్‌లో తెల్లది ఉందా?" "ఫోటోలో వెనకున్న పూలకుండీ ఎక్కడ కొన్నారు?" ఒకాయన, "మేం గుడ్డు కూడా ముట్టం, ఇది పెరుగన్నం తింటుందా?" అన్నాడు. తింటుందండీ, తర్వాత మీ చెప్పులు కూడా తింటుంది, అన్నాను. ఎక్కువమంది ఆగిపోయేది మాత్రం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర. జంతు సంక్షేమ మండలి, అంటే 1962లో రుక్మిణీదేవి అరుండేల్ మొదటి అధ్యక్షురాలిగా మొదలైన సంస్థ, అసోసియేషన్లు పెంపుడు జంతువుల్ని నిషేధించడానికి వీల్లేదని 2015లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి సంచీలో పెట్టుకు తిరుగుతున్నాను. కాగితం చూపిస్తే సెక్రటరీలు మెత్తబడతారు. మెత్తబడనివాళ్ళు లిఫ్టులో తీసుకురావద్దంటారు.

పిల్లుల గురించి రాయమని మా అమ్మాయి అడిగింది. పిల్లి తనకు ఇష్టమైనప్పుడు ఫోటో దిగుతుంది, ఇష్టమైన ఇంటికి తనే వెళుతుంది. ఆ విషయంలో నేను చేయగలిగిందేమీ లేదు.

ఇది చదివి మీ వీధి కుక్కపిల్లకు మీరే ఇల్లు చూడాలనుకుంటే, పొద్దున తీయండి, ఫ్లాష్ ఆపండి, గొలుసు విప్పి మెత్తటి పట్టీ వేయండి, కింద కూర్చోండి. మగదో ఆడదో, వయసెంతో, ఏ టీకాలు వేయించారో రాయండి. ఫోన్ చేసినవాళ్ళ ఇల్లు వెళ్ళి చూడకుండా ఇవ్వకండి.

అసలు కుక్కే కావాలంటే మా కాటుక ఉంది. ఆడకుక్క, రెండేళ్ళు దాటాయి, స్వస్థలం కూకట్‌పల్లి. ఆపరేషన్ అయింది, చెవికి గాటుంది, రేబిస్ టీకా వేశారు. పిల్లలతో నెమ్మది, ఆటోలంటే పాతకక్ష. పెరుగన్నం తింటుంది, గుడ్డు కనిపిస్తే పెరుగన్నం వైపు చూడదు. ఫోటో అడిగితే పంపుతాను గానీ, ఆదివారం పొద్దున వచ్చి చూసుకోవడం మేలు. వచ్చేముందు ఇంటి ఓనరు ఒప్పుకుంటాడో లేదో కనుక్కుని రండి.