పాట ఆగితే మొదలయ్యే పాట

పాట నడుస్తున్నంతసేపూ ఏ గొడవా ఉండదు. ఒక పాట అయిపోయి ఇంకోటి అందుకునేలోపు కాస్త ఖాళీ ఉంటుంది చూశారూ, అప్పుడు మొదలెడుతుంది: కీ...చ్. తబలా పడగానే ఏమీ ఎరగనట్టు నోరు మూసుకుంటుంది. వాల్యూమ్ తగ్గిస్తే పాట తగ్గుతుంది, అది తగ్గదు.

దోషి ఎవరో తెలుసు. పాత రేడియో పెట్టెలో ఓ చిన్న ఆంప్లిఫయరూ, బ్లూటూత్ బోర్డూ బిగించాను. రెండూ 5 వోల్టులవి. ఇంట్లో మూలపడి ఉన్నది 12 వోల్టుల సెట్‌టాప్ బాక్స్ అడాప్టరు. మధ్యవర్తిగా కోఠి గుజరాతీ గల్లీలో బొటనవేలంత స్టెప్ డౌన్ మాడ్యూల్ కొన్నాను. "ఎఫిషియెన్సీ చూడండి సార్, ముట్టుకున్నా వేడుండదు" అన్నాడు కొట్టతను. నిజమే, వేడి లేదు. కూస్తుందని ఆయన చెప్పలేదు, ఏ కొట్లోనూ చెప్పరు.

ఈ జాతి బోర్డులు కరెంటును సెకనుకు లక్షలసార్లు తెరిచి మూస్తూ వోల్టేజీ దించుతాయి. అందరూ వాడే ఎల్ఎం2596 అయితే లక్షా యాభై వేలసార్లు. మనిషి చెవి 20 వేల దగ్గరే చేతులెత్తేస్తుంది కాబట్టి కాగితం మీద దిగులేమీ లేదు. కానీ చాలా చిప్పులకు పొదుపు పిచ్చి. పాట ఆగి లోడు తగ్గగానే, "ఇంతమాత్రానికి అన్నిసార్లు తెరవడం దేనికి" అని దెబ్బలు ఎగ్గొట్టడం మొదలెడతాయి. అలా ఎగ్గొట్టి ఎగ్గొట్టి, లక్షల్లోంచి సరిగ్గా మన చెవిలోకి దిగుతాయి. పొదుపయ్యేది వాటులో పదో వంతు కూడా ఉండదు. పోయేది నా ప్రాణం.

ఇక సలహాలు. తెలుగునాట కరెంటుకు వచ్చే సకల రోగాలకూ ఒకటే మందు: ఎర్తింగ్. ఛాతీలో పోటంటే ఎవరైనా "గ్యాసయ్యుంటుంది" అన్నంత ధీమాగా "ఎర్తు సరిగ్గా లేదు" అంటారు. ఎలక్ట్రీషియన్ వచ్చి రేడియో వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా పెరట్లోకి వెళ్లాడు. గొయ్యి తవ్వాలి, బొగ్గూ ఉప్పూ వేయాలి అన్నాడు. "అడాప్టరుకు ఉన్నవే రెండు పిన్నులు, ఎర్తు ఎక్కడ తగిలిస్తావయ్యా?" అన్నాను. "అదే కదా సార్ లోపం" అన్నాడు. పైవాటాలో ఉండే రిటైర్డ్ లైన్‌మన్ గారు ఇంకా సౌమ్యులు. "ఎండాకాలం కదా బాబూ, ఉన్న గోతిలోనే రెండు బిందెల నీళ్లు పొయ్యి" అన్నారు. మా బావమరిది ఫోన్లో ఇదే మాట ఇంగ్లీషులో చెప్పాడు. పోశాను. వరసగా పోశాను. పక్కనున్న జాజితీగ ఏపుగా ఎదిగి పిట్టగోడెక్కింది. మా ఆవిడ ఇప్పుడు పూలు కోసుకుంటూ, "పోనీలెండి, ఆ రేడియో వల్ల ఏదో ఒకటి బాగుపడింది" అంటుంది.

చోద్యమేమిటంటే ఇలాంటి కూతలకు ఒక్కోసారి ఎర్తు లేకపోవడం కాదు, గ్రౌండు ఎక్కువవడం కారణం. మాడ్యూల్ వాడిన మురికి కరెంటూ పాట సిగ్నలూ ఒకే సన్నని తీగ మీంచి తిరిగి వెళ్తే పాటకు ఆ మురికి అంటుకుంటుంది. విడివిడి తీగలు లాగి ఒక్కచోటే కలపాలి. లాగాను, సగం తగ్గింది. తర్వాత 10 మైక్రోహెన్రీల కాయిలూ, 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరూ అడ్డం పెట్టాను. 1.6 కిలోహెర్ట్జ్ దాటిన రొదను ఆ జంట అణిచేస్తుంది. అసలు కొనేటప్పుడే, లోడున్నా లేకున్నా ఒకే వేగంతో కొట్టే చిప్పు కావాలని అడగాలి. ఫోర్స్‌డ్ పీడబ్ల్యూఎం అంటారు. ఆ మాట డేటాషీటులో ఎక్కడో లోపలి పేజీలో నక్కి ఉంటుంది. మొదటి పేజీ అంతా ఎఫిషియెన్సీదే. దీనికి తోడు ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్లు వోల్టేజీ ఊగినప్పుడల్లా తామూ ఉబ్బి తగ్గుతూ బోర్డునే వాయిస్తాయి. వాటికి స్పీకరు కూడా అక్కర్లేదు.

ఇంత చేశాక ఇల్లు నిశ్శబ్దమైంది. కాలర్ ఎగరేస్తుంటే పదో తరగతి చదివే మావాడొచ్చి "ఇంకా వస్తోంది నాన్నా" అన్నాడు. నీ భ్రమరా అనబోయాను. వాడు ఫోనులో గ్రాఫు చూపించాడు: 14 కిలోహెర్ట్జ్ దగ్గర సూదిలా నిలబడి ఉంది. చెవి పెట్టెకు ఆనించినా నాకేం వినపడలేదు.

చిన్నప్పుడు మా డబ్బా టీవీ 15,625 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఈల వేసేది. వీధిలోంచే టీవీ పెట్టారో లేదో చెప్పేవాణ్ని. నాన్నకు వినపడేది కాదు. కట్టుకథలు చెబుతున్నానని నవ్వేవాడు. నేనూ ఉక్రోషంగా వాదించేవాణ్ని. వినపడని మనిషి ఎంత నిజాయితీగా నవ్వగలడో అప్పుడు తెలియలేదు. ఆ ఈల నా చెవిలోంచి ఏ ఏడు వెళ్లిపోయిందో కూడా నాకు తెలియదు.

ఇక మాడ్యూల్ పీకేసి 7805 అనే లీనియర్ రెగ్యులేటరు పెట్టాను. కూత లేదు, పొదుపు లేదు. 7 వోల్టుల్ని పట్టపగలు దర్జాగా వేడి చేసి పారేస్తుంది. అర ఆంపియరు లాగితే 3.5 వాట్లు. అల్యూమినియం రెక్క బిగించినా వేలు పెడితే చురుక్కుమంటుంది. రోజూ నాలుగు గంటలు పాడించినా నెలకు అర యూనిట్ దాటదు. ఆ బిల్లు నేను కట్టుకుంటాను.