కరిగించి పోగొట్టిన సాక్ష్యం

చెవి దగ్గర విరిగిన బకెట్ పిడి నా బల్ల మీదకు వస్తే, అందులోంచి చిన్న ముక్క కోసి స్లైడు మీద పెట్టి కరిగించాను. కవర్ స్లిప్‌తో అదిమి, పలచటి పొర చేసి, మైక్రోస్కోప్ కింద చూశాను. ఇంతకన్నా తెలివితక్కువ పని నా ఉద్యోగంలో ఇంకోటి చెయ్యలేదు.

అది పాలీప్రొపిలీన్. 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నేను 200 దాకా వేడి చేశాను. దాంతో మౌల్డులో పిడి ఎలా చల్లారిందో చెప్పే ఆనవాళ్ళన్నీ చెరిగిపోయాయి. ఆ తర్వాత నాకు కనిపించిన స్ఫటికాలు స్లైడును వేడిచేసే నా హాట్ స్టేజ్ మీద కొత్తగా పుట్టినవి. పాలిమర్లు చదువుకున్నవాణ్ణి, ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ బొమ్మ అందానికి లొంగిపోయాను.

అందం నిజమే. చల్లారే ప్లాస్టిక్‌లో ఎక్కడో ఒక బీజం పడుతుంది. అక్కణ్ణుంచి స్ఫటిక పలకలు అన్ని వైపులకూ పెరిగి గోళం కడతాయి. దాన్నే స్ఫెరులైట్ అంటాం. పలక మందం పది నానోమీటర్ల ప్రాంతం. అంత పలచటి పలకలో పొడవాటి అణువు మడతలు పడి ఒదుగుతుందని పాలీఇథిలీన్ విషయంలో 1957లో చెప్పినవాడు బ్రిస్టల్‌లో పనిచేసిన ఆండ్రూ కెల్లర్. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన పోలరైజర్ల మధ్య చూస్తే గోళంలో నల్లటి శిలువ కనిపిస్తుంది. స్టేజిని ఎంత తిప్పినా శిలువ తిరగదు. అది పోలరైజర్లు వేసే నీడ, పదార్థంలో అలాంటి ఆకారమేమీ లేదు.

పగులుకు దారిచ్చే పెద్ద స్ఫటికాలు లేవు, ఉన్నవి చిన్నవే, తయారీలో లోపం లేదు అని రాసిచ్చేశాను. మెషిన్ నడిపే కుర్రాడు అప్పుడే అన్నాడు: "సార్, చెవి కాడ దళసరి ఎక్కువుంది. పైన గట్టిపడ్డా లోపల ఇంకా వేడే ఉంటది." నువ్వు మెషిన్ చూసుకో అన్నాను. అదే అచ్చులో తీసిన పిడులు మరికొన్నాళ్ళు బయటికి పోయాయి. వేణ్ణీళ్ళ బకెట్ ఎత్తుతుంటే పిడి విరిగితే ఏమవుతుందో తల్చుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

పిడులు విరుగుతూనే ఉంటే రెండోసారి కరిగించకుండా, పలచటి పొరలు కోసే మైక్రోటోమ్‌తో కోశాను, కానీ పైభాగానికి సమాంతరంగా. మౌల్డు గోడకు తగిలి చప్పున చల్లారిన ఆ పొరలో పెద్ద స్ఫటికాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పైగా గోళాన్ని ఎక్కడపడితే అక్కడ కోస్తే కనిపించే వృత్తం సగటున అసలు వ్యాసంలో 78 శాతమే. ఒక్క కోత చూసి కొలతలు వేసుకుంటూ కూర్చున్నాను.

లోతు చూపించింది కన్‌ఫోకల్ మైక్రోస్కోప్. మార్విన్ మిన్‌స్కీ దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టిందీ, కెల్లర్ మడతల సంగతి చెప్పిన 1957లోనే. ముక్కకు పట్టించిన ఫ్లోరసెంట్ రంగు స్ఫటికాల్లోకి చొరలేదు, వాటి మధ్య అమరిక లేని భాగంలో నిలుస్తుంది. లేజర్ చుక్కను కొద్దికొద్దిగా కిందికి దించుతూ ఒక్కో పొరనూ ఫొటో తీసి కంప్యూటర్‌లో పేరిస్తే గోళాలు నిండుగా లేచి నిలబడతాయి. ఈ ప్లాస్టిక్ వెలుతురును చెదరగొడుతుంది కాబట్టి ఎక్కువ లోతు అందదు. అందుకే చెవిని మందానికి అడ్డంగా వరసగా కోసి, ఒక్కో కోతనూ అలా చూడాల్సి వచ్చింది.

అంచున గోళాలు లేని పలచటి పొర. దాని కింద చిన్నవి. నట్టనడుమ, నిదానంగా చల్లారినచోట, కొన్నే బీజాలు పడి బాగా పెరిగిన పెద్ద గోళాలు. పగులు వాటి సరిహద్దుల వెంటే పాకింది. కుర్రాడు చేత్తో ముట్టుకుని చెప్పింది అక్షరాలా నిజం. అందరి ముందూ ఆ మాట అతనితో అన్నాను. చెవి దళసరి తగ్గించి, బీజాలు ఎక్కువ పడేలా సోడియం బెంజోయేట్ కలిపాం.

ల్యాబ్‌లో పనిచేసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రిపోర్టులో ఫొటో పెట్టినప్పుడు స్కేలొక్కటే వేసి ఊరుకోకండి. ముక్క ఎక్కణ్ణుంచి, ఏ దిశలో, ఎంత లోతున కోశారో కూడా రాయండి. విరిగిన వస్తువును మాత్రం దయచేసి కరిగించకండి.