పులస పెట్టుకున్న అర్జీ

మత్స్యశాఖ కమిషనర్ గారి దివ్యసముఖమునకు,

రాజమహేంద్రవరం రేవులకు ఏటా పురుడు పోసుకోవడానికొచ్చే పులస దాఖలు చేసుకుంటున్న బహిరంగ అర్జీ.

అర్జీదారు స్వస్థలం బంగాళాఖాతం. గోదారి ఎర్రబారగానే ఎదురీది వచ్చి గుడ్లు పెట్టడం వంశాచారం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పుడే దారికి అడ్డం పడింది. డెల్టా అన్నం తింటున్నది ఆ కట్ట చలవే గనక అర్జీదారు నోరెత్తలేదు. గేట్లు ఎత్తే అదను చూసుకుని సర్దుకుపోయింది.

ఇప్పుడు ఆ అదనే తప్పుతోంది. మామూలుగా ఆగస్టులో విరుచుకుపడే వరద 2022లో జులై మధ్యకే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఒక్క ఏడాదిని చూసి కాలం మారిందనడం తొందరపాటే. కానీ సముద్రమూ వేడెక్కుతోంది. ఒకప్పుడు మలబారు తీరానికే పరిమితమైన నూనె కవళ్లు దశాబ్దాలుగా ఇటు తూర్పున కూడా వలకు పడుతున్నాయి. అవి దూరపు చుట్టాలు. బతకడానికొచ్చాయి, పోనీ.

ఫిర్యాదల్లా దెయ్యం చేప మీద. పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్వేరియం అద్దాల మీద పాచి నాకుతుందని తెచ్చుకున్నారు. ఒళ్లు పెరిగి తొట్టె చాలకపోయేసరికి కాలవలో వదిలేశారు. ఒళ్లంతా ఎముక పలకలు, రెక్కలకు గట్టి ముళ్లు. వలలో పడిందంటే మెలికలు విడవవు, దారాలు కోసుకోవాల్సిందే. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. సంతలో కొనే నాథుడు లేడు. పుస్తెలమ్మైనా పులస తినాలనే సీమలో వలలకే పుస్తెలు అమ్ముకోవాల్సిన రోజులొచ్చాయి. తనను పట్టే వల చిరిగిందని చేప గోలపెట్టడం చోద్యమే అనుకోండి.

శాఖవారికి నిబంధనలు కొత్త కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలను ఒడ్డున కూర్చోబెడతారు. మంచిదే, గుడ్ల కాలం. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను 2000లోనే నిషేధించారు. అది మాత్రం చెరువుల్లో దొంగచాటుగా పెరుగుతూనే ఉంది. పడవవాడి మీద పెట్టే కన్నులో సగం అక్వేరియం కొట్ల మీద పెట్టాలనీ, చిరిగిన వలకు పరిహారం ఇవ్వాలనీ, బ్యారేజీ దగ్గర చేపలకో మెట్లదారి సంగతి ఆలోచించాలనీ ప్రార్థన.

జతపరచినది: దెయ్యం చేప ఒకటి. నీళ్లు లేకున్నా గంటల తరబడి బతుకుతుంది. ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్లకు చేరేదాకా ఉంటుందని మాత్రం అర్జీదారు పూచీపడదు.