వేలిముద్ర

ఆ చెయ్యిని నేను ఇంతకుముందు చూశాను.

చెయ్యి అంటే జాకెట్ చెయ్యి. మా కాలేజీలో ఫ్యాషన్ డిజైన్ పీజీకి ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. బల్లకి ఇటు మేం ముగ్గురం, అటు ఓ అమ్మాయి. ఈ రోజుల్లో పోర్ట్‌ఫోలియో అంటే పిల్లలు ఖరీదైన అట్టల ఆల్బమ్ తెస్తారు, లేదా ట్యాబ్ తెరిచి మా ముందు పెడతారు. ఈ అమ్మాయి బట్టల దుకాణం సంచీలో నాలుగు శాంపిళ్లు, ఓ లాంగ్ నోట్‌బుక్కు తెచ్చుకుంది. బీకామ్ చదివిందట. 1995లో నిఫ్ట్ హైదరాబాద్‌కి వచ్చాక ఇక్కడ పుట్టిన ప్రైవేటు కాలేజీల్లో మాదొకటి. పీజీకి ఏ డిగ్రీ వాళ్లొచ్చినా కాదనం.

మొదటి మూడూ కాలరు, జేబు, ప్లాకెట్. శుభ్రంగా ఉన్నాయి, అనుమానం వచ్చేంత శుభ్రంగా. నాలుగోది పోచంపల్లి ఇక్కత్ గుడ్డతో కుట్టిన సగం జాకెట్. భుజం మీద కుట్టే లేదు. మెడ పక్కన మొదలైన డైమండ్లు ఒక్కటీ తెగకుండా మోచేతిదాకా దిగాయి. చెయ్యి పైకెత్తితే చంకలో చిన్న పలక విచ్చుకుంటోంది. ఆ పలక కూడా అచ్చంగా ఒక డైమండ్.

ఇక్కత్‌తో తంటాలు పడ్డవాళ్లకి తెలుస్తుంది ఇదెంత పనో. నేయకముందే నూలుకి కట్లు కట్టి రంగులో ముంచుతారు. అందుకే ప్రతి డైమండూ అంచుల్లో కాస్త చెదిరి ఉంటుంది. ఒకటున్నట్టు ఇంకోటి ఉండదు. ప్రింటు గుడ్డలా టేపు పెట్టి కోసేస్తే కుట్టు దగ్గర రెండు సగాలూ కలవవు. ఒక్కోదాన్ని కంటితో చూసి, జరిపి, గుండుసూది గుచ్చి, మళ్లీ జరపాలి.

నేను దాన్ని చూసింది మా కారిడార్‌లోని గాజు బీరువాలోనే. పోయినేడాది ఆఖరి సెమిస్టర్ అమ్మాయి కలెక్షన్ అది, దానికి ఉత్తమ డిజైన్ బహుమతి వచ్చింది. ఇచ్చిన జ్యూరీలో నేనూ ఉన్నాను. అదే బీరువా పై అరలో 2009లో నేను ఇదే కాలేజీలో పీజీ ముగించినప్పటి జాకెట్ కూడా ఉంటుంది, మెడల్‌తో సహా.

"ఇది ఎక్కడ చూశావు?" అన్నాను.

"మా ఇంట్లో మేడమ్."

పక్కనున్న సహోద్యోగి నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

నాకు కాపీ అంటే ఒళ్లు మంట. ప్రతి బ్యాచ్‌కీ మొదటి క్లాసు మదలీన్ వియొనేతోనే మొదలుపెడతాను. 1912లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచిన మనిషి, గుడ్డని క్రాస్‌లో కోసి ఒంటిమీద నీళ్లలా జారించిన మనిషి. ఆమె గౌనుల్ని ఊరంతా కాపీ కొడుతుంటే, కుట్టిన ప్రతిదాన్నీ అద్దాల ముందు నిలబెట్టి ముందూ వెనకా పక్కా కనబడేలా ఫొటో తీయించి ఆల్బమ్‌లలో దాచింది. అదీ చాలక 1920లలో లేబుల్ మీద తన బొటనవేలి ముద్ర వేసింది. ఆ ముద్ర లేకపోతే ఆ గౌను తనది కాదన్నమాట. మన దగ్గర 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే పదేళ్లు, పొడిగించుకుంటే ఇంకో ఐదేళ్లు రక్షణ ఉందనీ, నమోదు చేయని డిజైన్‌ని యంత్రాల మీద యాభైకి మించి తీస్తే కాపీరైటు కూడా పోతుందనీ పిల్లలకి నూరిపోస్తాను. ఆ రోజు ఇంటర్వ్యూలోనే ఆ అమ్మాయికి క్లాసు మొత్తం చెప్పేశాను. అంత అవసరం లేదు, కానీ చెప్పాను.

అంతా శ్రద్ధగా విని, "ఆవిడ కుట్టుపని ఎక్కడ నేర్చుకుంది మేడమ్?" అంది.

"చిన్నప్పుడే బడి మానేసి ఓ దర్జీ దగ్గర చేరింది. అది కాదు ఇక్కడ విషయం."

ఆ అమ్మాయి కాసేపు ఊరుకుంది. "బహుమతి వచ్చిన ఆ అక్క, చంకలో పలక ఎందుకు పెట్టిందో మీకు చెప్పిందా మేడమ్?"

చెప్పింది. నాకు బాగా గుర్తు. బంధనాల నుంచి స్త్రీ విముక్తికి ప్రతీక అంది. జ్యూరీలో ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

"నువ్వు చెప్పు మరి."

"చెయ్యీ ఒళ్లూ ఒకే ముక్కలో కోస్తే, చెయ్యెత్తినప్పుడల్లా జాకెట్ మొత్తం పైకి లేస్తుంది మేడమ్. చంకలో ముక్క ఉంటే లేవదు." కొంచెం ఆగి, "సిటీ బస్సులో కమ్మీ పట్టుకోవాలి కదా" అంది.

ఇరవైకి నాలుగు వేశాను. రిమార్కుల గడిలో 'అనుకరణ' అని రాసి, కింద గీత గీశాను.

ఆగస్టులో మేనకోడలి పెళ్లి. జాకెట్లు ఇవ్వడానికి యూసుఫ్‌గూడ వెళ్లాను, మాస్టారి దగ్గరికి. ఆయన సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ మిషను పెట్టి చాలా ఏళ్లయింది. రెండు మిషన్లు, ఓ ఓవర్‌లాక్, ఇస్త్రీ బల్ల, వెనక ఓ కర్టెను. గోడ పొడుగునా మేకులు. మేకులకి చిల్లులు పొడిచి దారం ఎక్కించిన ఖాకీ కాగితాల కట్టలు, ఏడాదికొకటి.

ఫ్యాషన్ డిజైన్ చదివినవాళ్లందరికీ కుట్టడం వచ్చని బయట అనుకుంటారు. సిలబస్ ప్రకారం వచ్చు. జ్యూరీకి ముందు వారం మాత్రం మాస్టారి దుకాణంలో తెల్లవారుజాము దాకా లైటు వెలుగుతూనే ఉంటుంది. జనరల్ బజార్‌లో గుడ్డ తీసుకుని నేరుగా ఆటోలో ఇక్కడ దిగే పిల్లల్ని నేనే చూశాను. తప్పేం కాదు. పెద్ద పెద్ద డిజైనర్లూ ప్రతి కుట్టూ తమ చేత్తోనే వెయ్యరు. ఆలోచన మనదైతే చాలు, చేతులు ఎవరివైనా ఒకటేనని క్లాసులో మేమే చెబుతాం. నా 2009 జాకెట్టూ మాస్టారే కుట్టారు. కుట్టడం వరకే.

"మా బిడ్డ మీ కాలేజికే వొచ్చిందమ్మా పీజీకి. సీటు రాలే" అన్నారు మాస్టారు, టేపు మెడలో వేసుకుంటూ. కూతురు సిరిసిల్లలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోందని తెలుసు గానీ, డిగ్రీకి ఇక్కడికి తెచ్చుకున్నారని తెలీదు.

"అయ్యో! నాకొక్క ఫోన్ చెయ్యకపోయారా మాస్టారూ?"

"చేద్దామన్న. అదే వద్దన్నది. రికమెండేషన్ ఎందుకు బాపూ, పని చూసి ఇస్తరు అన్నది."

కర్టెను కదిలింది. చేతిలో హుక్కులు కుట్టాల్సిన జాకెట్టుతో బయటికొచ్చింది ఆ అమ్మాయి.

"నమస్తే మేడమ్."

ఏం మాట్లాడాలో తోచక గోడ వైపు చూశాను. చివరి నుంచి రెండో మేకుకి పోయినేడాది కట్ట. మీద ఉన్న కాగితం గుర్తుపట్టడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఒళ్లూ చెయ్యీ కలిపి ఒకే ముక్క, చంక దగ్గర కోసిన చీలిక, పక్కనే చిన్న పలక. దాని కింద అదే చెయ్యి ఇంకో ఐదు సార్లు, చీలిక ప్రతిసారీ అర అంగుళం అటో ఇటో జరిగి. అన్నిటిమీదా పెన్సిల్‌తో తారీకులు, కొలతలు. ఆ లాంగ్ నోట్‌బుక్కులో చూసిన అంకెలే. ఒక్కో కాగితం మూలనా నీలం చాక్ పొడి అద్దిన చిన్న బొటనవేలి ముద్ర.

"మా తాన ఎవలు కోస్తే వాళ్ల వేలు" అన్నారు మాస్టారు, నా చూపు పట్టుకుని. "కోత తప్పితే ఎవలదో తెల్వాలె గదమ్మా."

"ఇది నేనే గీశానని ఆ రోజు చెప్పొచ్చు కదమ్మా నువ్వు!"

ఆ అమ్మాయి ఓసారి తండ్రి వైపు చూసింది. "గిరాకీ పేరు బయట చెప్పొద్దు మేడమ్. చిన్నప్పటి నుంచి బాపు అదే చెప్తడు."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరిమీదో ఆ క్షణంలో ఆలోచించలేదు. రేపే ప్రిన్సిపాల్‌తో మాట్లాడతానన్నాను. ఆ బహుమతి వెనక్కి తీసుకోవాల్సిందే అన్నాను. ఇన్నేళ్లలో మా కాలేజీ వాళ్లు ఇలా ఎంతమంది ఇంకొకరి బుర్రతో మెడళ్లు కొట్టేశారో తేల్చి తీరాలన్నాను.

"జర కూసోండ్రమ్మా. చాయ్ తెప్పిస్త" అన్నారు మాస్టారు.

"వద్దు మాస్టారూ. ఆ కట్టలన్నీ దింపండి. పాతవాటితో సహా."

మాస్టారు కదల్లేదు. కత్తెర అటు తిప్పి ఇటు తిప్పి బల్లమీద పెట్టారు. "పాతయి ఎందుకు లేమ్మా ఇప్పుడు" అన్నారు, కిందికి చూస్తూ.

"దింపండి. ప్రతి ఒక్కటీ నేనే చూస్తాను."

ఆ అమ్మాయి నన్ను కాసేపు చూసింది. చేతిలో జాకెట్టు పక్కన పెట్టి, స్టూలు జరుపుకుని ఎక్కి, ఆ చివర మొదటి మేకు నుంచి కట్ట దింపింది. ఊది, కొంగుతో దుమ్ము తుడిచి నా ముందు పెట్టింది. అట్టముక్క మీద 2009 అని ఉంది.

మూడో కాగితం నా జాకెట్ చెయ్యి. మూలన నీలం ముద్ర, పెద్ద వేలిది. దానికి తుప్పు పట్టిన గుండుసూదితో గుచ్చిన చీటీ, నా చేతిరాతలో:

'మాస్టారూ, చేతులు నాకేం తోచడం లేదు. మీ ఇష్టమొచ్చినట్టు మీరే గీసి పెట్టెయ్యండి. గురువారం జ్యూరీ. ఎవరికీ చెప్పకండి.'